ఎరిగిన మనిషి ఖరీదు పది పెన్నీలు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో హెవీ లోడ్ అని ఒక పంక్ సంగీత బృందం ఉండేది. మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి వాయించిన బృందం అది. కచేరీలకు వచ్చేవాళ్లలోనూ చాలామంది మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లే. ఎక్కడ వాయించినా ఆ బృందానికి ఒక వింత ఎదురయ్యేది. పాట మంచి ఊపులో ఉండగా, రాత్రి తొమ్మిది కొట్టేసరికి జనం లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టేవారు. పాట నచ్చక కాదు, నిద్ర ముంచుకొచ్చీ కాదు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన సపోర్ట్ వర్కర్ల షిఫ్టు పదింటికి ముగుస్తుంది, ఆలోగా వాళ్లను ఇంటికి చేర్చాలి. ‘స్టే అప్ లేట్’ అనే ఉద్యమం అలా పుట్టింది. నలభై ఏళ్ల మనిషి రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలన్నది ఇంకొకరి డ్యూటీ చార్టు తేల్చడం ఏమిటన్నది దాని ప్రశ్న. చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఇంగ్లండులో సోషల్ కేర్ రంగాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్న సిబ్బంది సమస్య ఒక మనిషి బతుకులోకి ఏ దారిన దూరుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు. ఆ మనిషికి తిండికి లోటు లేదు, తల మీద కప్పు ఉంది, ఎవరూ కొట్టడం లేదు. అయినా తన సాయంత్రం తనది కాదు.

మేధో వైకల్యం అంటూ ఇక్కడ చెప్పుకుంటున్నది చదువులో అక్షరాలు తారుమారయ్యే పిల్లల గురించి కాదు. పుట్టుకతోనో చిన్నతనంలోనో మెదడు ఎదుగుదల దెబ్బతిని, కొత్త విషయం నేర్చుకోవడానికీ, డబ్బు లెక్కపెట్టుకోవడానికీ, ప్రమాదాన్ని పసిగట్టడానికీ జీవితాంతం ఎవరో ఒకరి ఆసరా కావలసిన పెద్దవాళ్ల గురించి. బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్నవారు పిల్లాపెద్దా కలిసి సుమారు 15 లక్షల మంది. ఇంగ్లండులో దాదాపు లక్షన్నర మంది పెద్దలకు స్థానిక కౌన్సిళ్లు ఏళ్ల తరబడి కొనసాగే సాయం అందిస్తున్నాయి. కొందరికి వారానికి రెండు గంటలు చాలు, ఉత్తరాలు చదివి పెట్టి, కరెంటు బిల్లు కట్టించి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లే మనిషి ఉంటే మిగతాది వాళ్లే చూసుకుంటారు. కొందరికి పగలూ రాత్రీ పక్కన ఒకరు ఉండాలి, బయటికి వెళ్తే ఇద్దరు కావాలి. కొందరు తల్లిదండ్రులతో ఉంటారు, కొందరు కేర్ హోముల్లో. మరికొందరు తమ పేరుతోనే ఇల్లు అద్దెకు తీసుకుని, సాయం చేసే సంస్థను వేరుగా పెట్టుకుంటారు. ఈ చివరి పద్ధతిని అక్కడ సపోర్టెడ్ లివింగ్ అంటారు.

ఈ ఏర్పాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకప్పుడు ఇలాంటి వాళ్లందరినీ ఊరి బయట పెద్దపెద్ద ఆస్పత్రుల్లో ఉంచేవారు. 1967లో కార్డిఫ్‌లోని ఈలీ ఆస్పత్రిలో జరుగుతున్న దౌర్జన్యాలు ఒక పత్రిక ద్వారా బయటపడ్డాయి. 1969లో విచారణ నివేదిక వచ్చింది, 1971లో ప్రభుత్వం ఆస్పత్రులు తగ్గించి ఊళ్లలోనే వసతి కల్పిస్తామని శ్వేతపత్రం ప్రకటించింది. చివరి ఆస్పత్రి మూతపడేసరికి 2009 వచ్చింది. నలభై ఏళ్లు పట్టినా మంచి పనే. అయితే ఆ మార్పులో ఇమిడి ఉన్న ఒక సంగతిని పాలకులు అప్పుడూ ఇప్పుడూ సరిగా పట్టించుకోలేదు. ఆస్పత్రి అంటే గోడలు, వార్డులు, గంట కొట్టి పెట్టే భోజనం. అది మనుషులు మారినా నడుస్తుంది, అందుకే అది అంత అమానుషంగానూ ఉండేది. మామూలు వీధిలో మామూలు ఇంట్లో ఉండే మనిషికి ఆ గోడల స్థానంలో ఉన్నది సపోర్ట్ వర్కర్. ఆమె రాకపోతే తలుపు తాళం ఎవరూ వేయకపోయినా ఆ ఇల్లే వార్డు అవుతుంది. కొత్త విధానం మొత్తం మనుషుల మీద నిలబడేలా కట్టి, ఆ మనుషులకు ఇచ్చే జీతాన్ని మాత్రం అంగట్లో సరుకు సర్దే పనికి ఇచ్చే జీతం దగ్గరే ఉంచారు.

అంకెలు చూస్తే పరిస్థితి బాగుపడుతున్నట్టే ఉంటుంది. ఈ రంగంలోని ఉద్యోగాల లెక్కలు తీసే స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ ప్రకారం 2021-22లో ఇంగ్లండు పెద్దల సంరక్షణ రంగంలో ఏ రోజు చూసినా సుమారు 1,65,000 పోస్టులు ఖాళీగా ఉండేవి, అంటే పదింటికి ఒకటి. 2024-25కి అది సుమారు 1,11,000కి, ఏడు శాతానికి దిగింది. మంత్రులు చూపించేది ఈ అంకెనే. దాని పక్కనే ఇంకో అంకె ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఏటా ఈ రంగంలో పనిచేసేవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఉన్న ఉద్యోగం వదిలేస్తున్నారు. వదిలినవాళ్లలో సగానికి పైగా మళ్లీ ఇదే రంగంలో వేరే సంస్థలో చేరతారు. అందుకని రంగం లెక్కలో నష్టం కనిపించదు. ఇక్కడ ఒకరు తగ్గారు, అక్కడ ఒకరు పెరిగారు, కూడికా తీసివేతా సరిపోయింది. కానీ వదిలి వెళ్లిన వర్కరు ఆరేళ్లుగా ఎవరి ఇంటికి వస్తూ ఉండేదో ఆ మనిషి లెక్కలో ఏదీ సరిపోలేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు సిబ్బంది కొరత అంటే ఖాళీ పోస్టుల సంఖ్య ఒక్కటే కాదు, తమను ఎరిగిన మనిషి పోవడం. మొదటిదాన్ని ఎవరితోనైనా పూడ్చవచ్చు. రెండోదాన్ని పూడ్చడానికి ఏళ్లు పడతాయి.

ఎరిగి ఉండటం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. మాటలు రాని యాభై ఏళ్ల మనిషి ఉన్నాడనుకోండి. ఎప్పుడూ ఇష్టంగా తినేవాడు ఇవాళ పళ్లెం పక్కకు నెట్టాడు. రేపు కుర్చీలో కుదురుగా కూర్చోలేక ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఎల్లుండి స్నానానికి లేపబోతే చెయ్యి విసిరాడు. మూడు రోజులూ, తాత్కాలికంగా మనుషుల్ని పంపే మూడు వేర్వేరు ఏజెన్సీల నుంచి మనుషులు వచ్చి ఉంటే, మొదటామె ‘ఆకలి లేదు’ అని రాస్తుంది, రెండోవాడు ‘చిరాకుగా ఉన్నాడు’ అని రాస్తాడు, మూడో ఆమె ‘దాడి చేశాడు’ అని రాస్తుంది. మూడూ నిజమే. మూడింటినీ కలిపి చూసి ‘ఇతనికి మలబద్ధకం వచ్చినప్పుడల్లా ఇలాగే చేస్తాడు, డాక్టర్ని పిలవండి’ అనగలిగేది అతన్ని పోయిన ఏడాదీ, అంతకు ముందూ చూసిన మనిషే. మలబద్ధకం మాటెత్తితే చాలామంది నవ్వేస్తారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం. కదలిక తక్కువ కావడం, మూర్ఛ మందులు, మానసిక రోగాలకిచ్చే మందులు పేగుల్ని మందగింపజేస్తాయి. నొప్పి అని చెప్పడానికి నోట మాట ఉండదు. పేగు మూసుకుపోయి చనిపోయినవాళ్లున్నారు. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవ దీని మీద 2023లో ప్రత్యేకంగా ప్రచారం చేయవలసి వచ్చిందంటే సమస్య ఎంత లోతైనదో ఊహించవచ్చు.

ఈ మరణాల్ని సమీక్షించడానికి అక్కడ లీడర్ అనే జాతీయ కార్యక్రమం ఉంది. మేధో వైకల్యం ఉన్న పెద్దల మరణాల్ని నమోదు చేసి, ఎలా జరిగాయో చూస్తారు. 2022 మరణాల లెక్కలో సగం మంది 63 ఏళ్లు దాటకుండానే పోయారు. సాధారణ జనంలో ఈ మధ్యగత వయసు ఎనభై దాటుతుంది. ఆ ఏడాది మరణాల్లో 42 శాతం సకాలంలో వైద్యమో జాగ్రత్తో అందితే తప్పించగలిగినవి. మిగతా జనంలో అలాంటివి 22 శాతం. ఇదంతా సిబ్బంది మారిపోవడం వల్లే అంటే అబద్ధం అవుతుంది. ఆస్పత్రుల నిర్లక్ష్యం ఉంది, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులున్నాయి, ‘ఇతను ఎప్పుడూ ఇంతేలే’ అని డాక్టర్లు కొట్టిపారేయడం ఉంది. కానీ ఆ డాక్టరు ముందు కూర్చుని ‘కాదండీ, ఇతను ఎప్పుడూ ఇంత కాదు’ అని గట్టిగా చెప్పేవాళ్లు ఎవరు? కన్నవాళ్లు లేనిచోట అది సపోర్ట్ వర్కరే. నిన్న పనిలో చేరిన మనిషి ఆ మాట అనలేదు. తప్పు ఆ మనిషిది కాదు, ఆ మనిషికి తెలియదంతే.

తెలియనప్పుడు ఏం జరుగుతుందో ఇంకో వైపు నుంచి చూడవచ్చు. నొప్పినో భయాన్నో దెబ్బలుగా, కేకలుగా వ్యక్తం చేసే మనిషి దగ్గర కొత్తవాళ్లు భయపడతారు. భయపడ్డవాళ్లు ఉద్యోగం మానేస్తారు, మళ్లీ కొత్తవాళ్లు వస్తారు, అతని ఆందోళన ఇంకా పెరుగుతుంది. ఈ సుడిలోంచి బయటపడటానికి తేలికైన దారి మాత్ర. ఇంగ్లండులో 30,000 నుంచి 35,000 మంది మేధో వైకల్యం ఉన్న పెద్దలు, ఆ మందు అవసరమయ్యే జబ్బేదీ నిర్ధారణ కాకుండానే రోజూ మానసిక రోగాల మందులు మింగుతున్నారని ప్రజారోగ్య శాఖ 2015లో అంచనా వేసింది. మరుసటి ఏడాదే ఆ మందులు తగ్గించడానికి స్టాంప్ అనే కార్యక్రమం మొదలైంది. మందు తగ్గించాలంటే తగ్గిస్తున్న ఆ నెలల్లో పక్కనుండి గమనించే, అతని పద్ధతి తెలిసిన మనుషులు కావాలి. లేకపోతే మొదటి గొడవకే మందు తిరిగి మొదలవుతుంది. మాత్రకూ లొంగకపోతే ఆ పైన మానసిక చికిత్సాలయం. మేధో వైకల్యమో ఆటిజమో ఉన్నవాళ్లు ఇంగ్లండులో ఇప్పటికీ సుమారు 2,000 మంది అలాంటి చోట్ల ఉన్నారు, సగటున ఐదేళ్ల దాకా. బయటికి పంపవచ్చని డాక్టర్లు చెప్పాక కూడా వాళ్లలో కొందరు ఎందుకు ఉన్నారంటే, వెళ్లడానికి తగిన ఇల్లూ, ఆ ఇంట్లో పనిచేసే మనుషులూ దొరక్క. ఆ సంఖ్య తగ్గిస్తామని 2014కి ఒక గడువు, 2019కి ఒక గడువు, 2024కి ఒక గడువు పెట్టారు. మూడూ దాటిపోయాయి.

ఎరిగిన మనుషులే కావాలనే వాదనకు వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది, తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. పాతుకుపోయిన సిబ్బందే ప్రమాదం కదా అంటారు. 2011 మే 31న బీబీసీ పనోరమా కార్యక్రమం బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ ఆస్పత్రిలో రహస్య కెమెరాతో తీసిన దృశ్యాలు చూపించింది. అక్కడి మనుషుల్ని కొట్టింది, ఈడ్చింది, చన్నీళ్లు కుమ్మరించింది దారిన పోయే ఏజెన్సీ మనుషులు కాదు, రోజూ డ్యూటీకి వచ్చే ఉద్యోగులే. 11 మంది నేరం ఒప్పుకున్నారు, ఆరుగురు జైలుకి వెళ్లారు. ఎరిగినవాళ్లే హింసించారన్నది నిజం. కానీ ఆ ఉదంతం మీద 2012లో వచ్చిన సమీక్ష చదివితే అక్కడ నిలకడగా ఉన్నది హింస ఒక్కటేనని అర్థమవుతుంది. సిబ్బంది తరచూ మారుతుండేవారు, సెలవుల మీద సెలవులు, పన్నెండు గంటల షిఫ్టులు, శిక్షణ అంటే మనిషిని నేలకు అదిమిపట్టడం నేర్పడమే. ఒక్కో రోగికి వారానికి సగటున 3,500 పౌండ్లు వసూలు చేసిన చోటది. మనుషులు ఎక్కువకాలం ఉండటం దానంతటదే మంచిని పుట్టించదు, ఒప్పుకుంటాను. కుటుంబం వచ్చిపోతూ ఉండాలి, పైవాళ్లు చెప్పకుండా వచ్చి చూడాలి, ఫిర్యాదు చేసినవాడి ఉద్యోగం పోకూడదు. అయితే ఈ కాపలా కూడా మనుషులు నిలకడగా ఉన్నచోటే పనిచేస్తుంది. వారానికొక ముఖం మారే ఇంట్లో ఆ గాయం ఎప్పటిదో చెప్పేవాళ్లే ఉండరు.

రెండో అభ్యంతరం నిర్వాహకుల నుంచి వస్తుంది. ప్రతి మనిషికీ కేర్ ప్లాన్ ఉంది కదా, అతనికి ఏమిష్టమో, ఎప్పుడు కోపం వస్తుందో, మాత్ర ఏ పెరుగులో కలిపి ఇవ్వాలో అన్నీ అందులో రాసి ఉంటాయి, ఎవరొచ్చినా చదువుకుని చేసుకుపోవచ్చు అంటారు. రాసి ఉంచడం అవసరమే. ఇప్పుడు అవన్నీ ఫోనులోకే వచ్చాయి. కానీ ‘ద్రవాలు చిక్కగా చేసి ఇవ్వాలి, లేకపోతే పొలమారుతుంది’ అని కాగితం చెప్పగలదు. ఆ మనిషి దగ్గులో మామూలు దగ్గేదో, పొలమారే ముందు దగ్గేదో చెప్పలేదు. పైగా ఉదయం ఏడింటికి మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన ఏజెన్సీ వర్కరుకి ఎనభై పేజీల ప్లాను చదివే తీరిక ఎవరిస్తారు? ఎనిమిదింటికల్లా ముగ్గురికి స్నానాలు కావాలి.

మూడో అభ్యంతరం పరిశోధకులది. నాకు అన్నింటికంటే బలమైనదిగా తోచేది కూడా అదే. కెంట్ విశ్వవిద్యాలయంలోని టిజార్డ్ సెంటర్‌లో జిమ్ మాన్సెల్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు ఇలాంటి ఇళ్లలో కూర్చుని, ఏం జరుగుతోందో నిమిషాల లెక్కన నమోదు చేశారు. సిబ్బంది సంఖ్య పెంచినంత మాత్రాన ఇంట్లో ఉన్నవాళ్ల జీవితం ఆ మేరకు మెరుగుపడదని తేలింది. పనివాళ్లు పెరిగినకొద్దీ వాళ్లలో వాళ్లే ఎక్కువ మాట్లాడుకుంటారు. వంటా గిన్నెలూ వాళ్లే చకచకా కానిచ్చేస్తారు, ఎవరి ఇల్లో ఆ మనిషి సోఫాలో కూర్చుని చూస్తుంటాడు. తేడా తెచ్చేది సాయం చేసే తీరు. ఉల్లిపాయ తనే తరిగెయ్యకుండా అతని చేతికి కత్తి ఇచ్చి, చెయ్యి మీద చెయ్యి వేసి తరిగించడం లాంటిది. దీన్ని అక్కడ యాక్టివ్ సపోర్ట్ అంటారు. కాబట్టి ఖాళీలు నింపండి అని అరవడం అర్థం లేని పని అని కొందరు వాదిస్తారు. నేను దీన్ని నా వాదానికి వ్యతిరేకంగా చూడను. అతని చేతికి ఎప్పుడు కత్తి ఇవ్వవచ్చో, ఎప్పుడు ఇవ్వకూడదో తెలియాలంటే అతను తెలియాలి. ఆ నైపుణ్యం నేర్పడానికి నెలలు పడతాయి, నేర్చుకున్నవాళ్లు నెలల్లోనే వెళ్లిపోతే నేర్పిన సంస్థకు మిగిలేది ఖర్చే. అందుకే చాలా సంస్థలు నేర్పడమే మానేసి, కంప్యూటరు మీద నొక్కుకుంటూ పోయే కోర్సులతో సరిపెడుతున్నాయి.

ఇంతకీ ఎందుకు వెళ్లిపోతారు? పని కష్టమని కాదు. ఈ పని ఇష్టపడి చేసేవాళ్లు ఎక్కువే. జీతం చూడండి. 2024 మార్చి లెక్కల ప్రకారం ఐదేళ్లకు పైగా అనుభవం ఉన్న కేర్ వర్కరుకీ, నిన్నగాక మొన్న చేరినవాళ్లకూ మధ్య తేడా సగటున గంటకు పది పెన్నీలు. పౌండులో పదో వంతు. 2016లో ఆ తేడా 33 పెన్నీలుండేది. చట్టం కనీస వేతనాన్ని ఏటా పెంచుతోంది, అది మంచిదే. కానీ కౌన్సిళ్లు సంస్థలకిచ్చే ధర ఆ మేరకు పెరగకపోవడంతో కిందివాళ్లు పైకి వచ్చారు, పైవాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. ఒక మనిషి దగ్గులో తేడా కనిపెట్టడానికి పట్టిన ఐదేళ్లకు ఆ వ్యవస్థ కట్టిన ధర అదీ. సూపర్ మార్కెట్‌లో చేరితే ఈ జీతం కన్నా ఎక్కువే వస్తుంది, రాత్రి ఎవరూ చెయ్యి కొరకరు. జాతీయ ఆరోగ్య సేవలో ఇదే తరహా పనికి మెరుగైన జీతం, పింఛను, జబ్బు చేస్తే జీతంతో సెలవు ఉన్నాయి.

రాత్రి కాపలా సంగతి మరీ వింత. మేధో వైకల్యం ఉన్న చాలామంది ఇళ్లలో ఒక వర్కరు రాత్రి అక్కడే పడుకోవాలి, అవసరమైతే లేవాలి. తూర్పు యార్క్‌షైర్‌లో ఇద్దరు పురుషులున్న ఇంట్లో అలా పనిచేసిన ఒక సపోర్ట్ వర్కరుకి రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా, అంటే తొమ్మిది గంటలకు, దక్కింది 29 పౌండ్ల 5 పెన్నీలు. ఆమె కనీస వేతనం కోసం కోర్టుకెళ్లింది. పదహారు నెలల్లో ఆరుసార్లే లేవవలసి వచ్చిందని అవతలి పక్షం చూపింది. 2021 మార్చి 19న సుప్రీంకోర్టు, నిద్రపోయిన గంటలకు కనీస వేతనం వర్తించదని తీర్పు చెప్పింది. చట్టం అలాగే రాసి ఉందేమో, తీర్పును తప్పుపట్టలేం. చిత్రమేమిటంటే, కేసులో యజమాని మెన్‌క్యాప్, మేధో వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం పోరాడే దేశంలోనే పెద్ద స్వచ్ఛంద సంస్థ. ఓడిపోతే పాత బకాయిలు రంగం మొత్తం మీద 40 కోట్ల పౌండ్ల దాకా కట్టవలసి వస్తుందనీ, చిన్న సంస్థలు మూతపడతాయనీ దాని భయం. ఆ భయమూ ఉత్తుత్తిది కాదు. ప్రభుత్వం డబ్బివ్వని చోట పనివాళ్ల హక్కూ, వాళ్ల సాయం పొందేవాళ్ల హక్కూ ఇలా ఎదురుబొదురుగా నిలబడవలసి వస్తుంది.

జీతం పెంచకుండా ఖాళీలు నింపడానికి బ్రిటన్ ఎంచుకున్న దారి మనకు బాగా తెలిసిందే. యూరప్ నుంచి స్వేచ్ఛగా వచ్చిపోవడం 2020తో ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తెరిచారు. 2023-24 ఒక్క ఏడాదిలోనే లక్ష మందికి పైగా విదేశాల నుంచి వచ్చి చేరారు, ఎక్కువగా భారత్, నైజీరియా, జింబాబ్వేల నుంచి. మన తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. బీటెక్కో నర్సింగో చదివి, కన్సల్టెన్సీకి లక్షలు పోసి, వెళ్లాక అక్కడ పని గంటలే లేవని తెలుసుకున్నవాళ్ల కథలు ఇక్కడి ఇళ్లలో వింటూనే ఉన్నాం. 2022 జులై నుంచి 2024 డిసెంబరు మధ్య విదేశీయుల్ని పనిలోకి తెచ్చుకోవడానికి కేర్ సంస్థలకిచ్చే స్పాన్సర్ లైసెన్సులు 470కి పైగా రద్దయ్యాయి, వాటి మీద ఆధారపడ్డవాళ్లు 39,000 మందికి పైమాటే. లైసెన్సు పోతే ఆ మనిషికి ఇంకో యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు. 2024 మార్చిలో భార్యాపిల్లల్ని తీసుకెళ్లే వీలు తీసేశారు. 2025 జులై 22 నుంచి విదేశాల్లో కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఖాళీల అంకె 1,65,000 నుంచి దిగిందని పైన చెప్పుకున్నాం, దిగింది వీళ్ల వల్లే. అదే కాలంలో ఈ రంగంలో పనిచేసే బ్రిటిష్ పౌరులు తగ్గుతూనే వచ్చారు.

విదేశీయులు సరిగ్గా చూసుకోలేరనే మాట అక్కడ అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అది అన్యాయం. యాస అర్థం కావడానికి కొన్నాళ్లు పడుతుంది. టీలో పాలు ముందా డికాక్షన్ ముందా అనే పట్టింపు ఉన్న మనిషికి అది నేర్పేదాకా తంటానే. కానీ అది నెలల పని, నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. అసలు తప్పు వీసాను రూపొందించిన తీరులో ఉంది. యజమాని దయ మీద బతికే మనిషి, రేపు ఉంటాడో లేడో తెలియని మనిషి, ఇంట్లో తప్పు జరుగుతుంటే పై అధికారికి ఫిర్యాదు చేస్తాడా? కుటుంబాన్ని తెచ్చుకోలేనివాడు ఐదేళ్లు ఒకే ఇంటికి కట్టుబడి ఉంటాడా? వింటర్‌బోర్న్ తర్వాత కావాలనుకున్నవి నిలకడా, నోరు తెరిచి చెప్పే ధైర్యమూ. ఈ వీసా ఆ రెండింటినీ తుంచేసింది. పోస్టు నిండింది, అంతే.

మరి డబ్బు? కౌన్సిళ్ల దగ్గర లేదన్నది నిజమే. పని చేసే వయసులో ఉన్న పెద్దల సంరక్షణకు కౌన్సిళ్లు పెట్టే ఖర్చులో అన్నింటికంటే పెద్ద భాగం మేధో వైకల్యం ఉన్నవాళ్లదే. 2025 ఏప్రిల్‌లో యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ను 13.8 నుంచి 15 శాతానికి పెంచి, అది మొదలయ్యే జీతం పరిమితిని ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కి దించారు. పార్ట్‌టైం వాళ్లతో నడిచే ఈ సంస్థలకు అది గట్టి దెబ్బ. అయినా ‘డబ్బు లేదు’ అనే జవాబు పూర్తి జవాబు కాదు. నలుగురిలో ఒకరు మానేసినప్పుడల్లా ప్రకటన, ఇంటర్వ్యూ, పోలీసు రికార్డు తనిఖీ, శిక్షణ, ఈలోగా ఏజెన్సీకి గంటకింతని ఎక్కువ రేటు, ఇవన్నీ ఖర్చే. ఇల్లు చెదిరి మానసిక చికిత్సాలయానికి చేరిన మనిషికయ్యే ఖర్చు, ఇంట్లో ఇద్దరిని పెట్టి చూసుకునే ఖర్చును తేలిగ్గా మించిపోతుంది. కాకపోతే అది కౌన్సిల్ ఖాతాలోంచి కాక ఆరోగ్య సేవ ఖాతాలోంచి పోతుంది. ఒక జేబు మిగిల్చింది రెండో జేబు పోగొట్టుకుంటోంది, రెండు జేబులూ ఒకే చొక్కావి.

జీతం తీసుకునేవాళ్ల మీద ఇంతగా ఆధారపడటమే తప్పు, స్నేహితులూ ఇరుగుపొరుగూ ఉంటే ఇంత బెంగ ఉండదు కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో సత్యం ఉంది. స్టే అప్ లేట్ వాళ్లే గిగ్ బడ్డీస్ అని ఇంకో పని మొదలుపెట్టారు. ఒకే రకం సంగీతం ఇష్టపడే స్వచ్ఛంద సేవకుడితో కలిపి ఇద్దరినీ కచేరీకి పంపుతారు. మంచి ఆలోచన. కానీ కౌన్సిళ్ల దీర్ఘకాలిక సాయం పొందుతున్న మేధో వైకల్యం ఉన్న పెద్దల్లో జీతం వచ్చే పని ఉన్నవాళ్లు సుమారు ఐదు శాతమే. పనీ, కాలేజీ, ఊరి క్లబ్బూ ఏవీ లేనివాళ్లకు స్నేహితులు ఎక్కడ దొరుకుతారు? అలాంటి చోటికి మొదటిసారి తీసుకెళ్లి, రెండోసారి పక్కన కూర్చుని, పదోసారి దూరంగా నిలబడే మనిషి కూడా ఆ సపోర్ట్ వర్కరే. సిబ్బంది తక్కువైన వారం మొట్టమొదట రద్దయ్యేది ఇలాంటి బయటి పనులే. భోజనం ఆపరు, మాత్రలు ఆపరు. ఈతకొలను, సినిమా, అక్కను చూడటానికి వెళ్లే ఆదివారం ఆగిపోతాయి. ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు కాబట్టి ఏ రిజిస్టరులోనూ అది కొరతగా ఎక్కదు.

ఇప్పుడు అక్కడ కొత్త ఆశ ఒకటి చూపిస్తున్నారు. 2025 డిసెంబరులో చట్టమైన ఉద్యోగుల హక్కుల బిల్లు కింద, పెద్దల సంరక్షణ రంగానికి జీతాలూ సర్వీసు షరతులూ యజమానులు, యూనియన్లు కూర్చుని నిర్ణయించే న్యాయమైన వేతన ఒప్పందం రాబోతోంది. దానికి ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ప్రకటించింది, అమలు 2028 నుంచి. లూయీస్ కేసీ అధ్యక్షతన మొత్తం రంగాన్ని సమీక్షించే కమిషన్ తుది నివేదిక కూడా 2028లోనే. పదిహేను లక్షల మందికి పైగా పనిచేసే రంగంలో 50 కోట్లను పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి వచ్చేది మూడు వందల పౌండ్ల చిల్లర. అంటే మళ్లీ అందరికీ అట్టడుగు రేటు కాస్త పెరగడమే జరగవచ్చు. అదీ అవసరమే, కానీ ఆ ఒప్పందాన్ని దానితో కొలవకూడదు. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఒకే మనిషిని చూసుకున్న వర్కరుకీ, నిన్న చేరినవాళ్లకూ మధ్య తేడా ఎంత పెట్టారో చూడాలి. అది పది పెన్నీల దగ్గరే ఉంటే, మేధో వైకల్యం ఉన్న మనిషికి సంబంధించినంత వరకు ఆ ఒప్పందం విఫలమైనట్టే.